బిగ్గరగా నున్నదెల్ల బాగుగా నున్నదా?

ఒకే పద్యమును ఇద్దరు చదివినపుడు, బిగ్గరగా చదివినవారే బాగుగా చదివిరని తోచుట లోకసహజము. ఈ భ్రమ మా యింట ఎంతటి పని చేయబోయినదో చెప్పుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాకు బడిచదువు లేదు. పోతనగారి భాగవతమును, కవిత్రయమువారి భారతమును మా తల్లిగారి యొద్దనే చదువుకొంటిమి. ఆమె స్వర్గస్థురాలగుటకు ముందు గజేంద్రమోక్షమును తానే చదివి యొక కాసెట్టులో నింపియుంచెను. ఆమె కంఠము మాకు మిగిలినది ఆ యొక్క కాసెట్టులోనే.

మా సావడిలో ఒక యాంప్లిఫయరును, రెండు స్పీకర్లును గలవు. కాసెట్టు యంత్రము, సీడీ యంత్రము, ఫోనులోని పాటలను అందుకొను చిన్న పెట్టె, ఈ మూడును ఆ యాంప్లిఫయరునకే కలుపబడియున్నవి. ఒకనాటి సాయంకాలము మా అత్తగారు ఆ కాసెట్టును వినుచుండిరి. ధ్వని చాలనందున గుండీని మిక్కిలి పైకి త్రిప్పియుంచితిమి. ఈ సంగతి యెరుగని మా అమ్మాయి కాసెట్టును మాని ఫోను పాటకు మార్చెను. ఒక్కసారిగా ఇల్లదరినట్లయ్యెను. అత్తగారు ఉలికిపడి చేతిలోని కాఫీగ్లాసును జారవిడిచిరి. ఆమె గుండెదడ తగ్గుటకు చాలసేపు పట్టెను.

“అమ్మాయీ, ఆ పాతడబ్బాను అటక మీద పెట్టించుము” అని వారనిరి. మా అమ్మాయియు, “అమ్మా, అమ్మమ్మ టేపు పాడైపోయినది. ఇదే పద్యము ఫోనులో ఎంత నిండుగా నున్నదో వినుము” అనెను. మేమును రెండింటిని మార్చి మార్చి వింటిమి. ఫోనులోని గాయకుని కంఠము గంభీరముగా, దగ్గరగా నుండెను. మా తల్లిగారి కంఠము సన్నగిలి, ఎక్కడనో దూరమున వినబడెను. పిల్ల మాటయే నిజమని తోచి, ఆ రాత్రి కాసెట్టును పెట్టెలో అడుగున దాచివేసితిమి. కాని నిద్ర పట్టలేదు.

మావారు పాఠశాలలో పిల్లలకు సామాన్యశాస్త్రము చెప్పుదురు. మరునాడు మా మాట విని, “లోపము కంఠమున లేదేమో, కొలతలో నున్నదేమో చూతము” అనిరి. వారు చెప్పినదిది. సీడీ యంత్రము మిక్కిలి హెచ్చుధ్వని యందు సుమారు 2 వోల్టుల విద్యుత్తును పంపును. ఫోను పాటలు పట్టు పెట్టెలలో పెక్కులు అంతే పంపును. కాసెట్టు యంత్రము సాధారణముగా అరవోల్టునకు అటునిటుగా మాత్రమే పంపును. రికార్డుపై ముల్లు పంపునది 5 మిల్లివోల్టులే గనుక దానికి వేరుగా పెంచు సాధనము వలయును. ఆ ద్వారమున సీడీ యంత్రమును ఎన్నడును తగిలింపరాదు. ఒకరికి సోలతోను, వేరొకరికి తవ్వతోను బియ్యము కొలిచి, ఎవరి యన్నము రుచియని యడిగినట్లున్నది మన తీర్పు! ధ్వనిలో ఒక్క డెసిబెలు భేదమున్నను చెవి దానిని హెచ్చని గుర్తింపక, మేలని గుర్తించునట.

ఆదివారమునాడు అత్తగారు కూర్చుండు కుర్చీ వద్ద మావారు తమ ఫోనులోని ధ్వనిమాపకమును నిలిపిరి. గుండీని కదపక ఆ పద్యమునే మార్చి మార్చి వినిపించితిమి. కాసెట్టు 60 డెసిబెల్లుల వద్దను, ఫోను పెట్టె 70 వద్దను నిలిచెను. 10 డెసిబెల్లులు హెచ్చినచో చెవికి ఇంచుమించు రెండింతలుగా తోచును. మా యాంప్లిఫయరులో ఒక్కొక్క ద్వారమునకు వేర్వేరుగా ధ్వనిని సవరించుకొను వసతి గలదు. చిన్నదానిని పెంచినచో ధ్వని విరియవచ్చును గనుక, పెద్దదానినే తగ్గించితిమి. ఆ వసతి లేనివారు ఫోనులోనే ధ్వనిని తగ్గించుకొనవచ్చును. సీడీ యంత్రమునకైనచో తీగ నడుమ ధ్వనిని తగ్గించు చిన్న తొడుగును పెట్టుకొనవచ్చును.

పిమ్మట మా అమ్మాయిని గోడవైపు తిరిగి కూర్చుండుమని, రెండింటిని మరల వినిపించితిమి. అది కొంతసేపు మాటాడలేదు. తుదకు, “గాయకునిది తేటగా నున్నది. అమ్మమ్మ వెనుక ఆ బుసబుస ధ్వని ఇంకను ఉన్నది. కాని అమ్మమ్మ చదువుచుండగా నాకు పద్యము అర్థమగుచున్నదమ్మా!” అనెను. నిజమే. మా తల్లిగారు పదము విరుగవలసిన చోట విరిచి, అర్థము నిలువవలసిన చోట ఊపిరి పీల్చుకొనెడివారు. మాకు చదువు చెప్పిన తీరదియే. మునుపు గుండీని పెంచి విన్నను మాకు అది పట్టలేదు. పక్కనున్న పెద్దధ్వని దానిని కప్పివేసెను.

టేపు పాడు కాలేదని మేమనుట లేదు, అది పాతబడినది. కాని దానిని తీసివేయుటకు మేము చూపిన కారణము మాత్రము తప్పు. ఇండ్లలో మెల్లగా మాటాడు కోడండ్ర విషయమునను, పెద్దల విషయమునను ఇట్టి తీర్పులెన్ని జరుగుచున్నవో!

ఇపుడు గుండీ ఎదుట మేము కాటుకతో ఒక చుక్క పెట్టియుంచితిమి. ఎవరు ఏది పెట్టినను గుండీ ఆ చుక్క దాటదు. అత్తగారు సాయంకాలము నిశ్చింతగా కాఫీ త్రాగుచు గజేంద్రమోక్షము వినుచున్నారు. నిన్న మా అమ్మాయి ఒక పద్యములోని పదమునకు అర్థమడుగుటకు వంటయింటిలోనికి వచ్చెను.