పనిచోట పలుకరింపు

కచేరీలలోను బడులలోను జరుగు సంగతులు ఇంటనుండు స్త్రీలకేమి తెలియునని కొందరందురు. భర్త గడప దాటి వచ్చి సంచి దింపు చప్పుడును బట్టియే ఆ దినము పనిచోట ఏమి జరిగెనో గ్రహింపగల ఇల్లాండ్రు మనలో ఎందరు లేరు? ఇప్పుడన్ననో మన చెల్లెండ్రును కోడండ్రును తామే బడులకు, బ్యాంకులకు, ఆసుపత్రులకు పోయి పని చేయుచున్నారు. కావున పనిచోట మనుష్యులు ఒకరితో నొకరు మనసిచ్చి మాటలాడుట యను విషయము గృహిణులు చదువు పత్రికకు తగనిది కాదని మా తలంపు.

మా వారు గోదావరి ప్రాంతమున ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. కరోనా వ్యాధివలన 2020 మార్చిలో దేశమంతట బడులు మూతపడిన సంగతి ఎవరును మరువలేదు. నడుమ తెరచుట, మరల మూయుట జరిగి, తుదకు మన ఆంధ్రప్రదేశమున 2021 ఆగస్టు 16వ తేదీన బడులు తెరచిరి. పిల్లలు వచ్చిరి, గంట మ్రోగెను, పాఠములు సాగెను. ఉపాధ్యాయుల గది మాత్రము మునుపటి గది కాలేదు. పూర్వము మధ్యాహ్నవేళ కారియరులు విప్పినచో ఒకరి గోంగూర పచ్చడి మరియొకరి పెరుగన్నములోనికి పోయెడిది. అంటువ్యాధి భయమున ఎడముగా కూర్చుండ నేర్చినవారు, భయము తీరిన పిమ్మటను ఎడముగానే కూర్చుండిరి. ప్రతివారి చేతను సెల్‌ఫోను. పిల్లల హాజరు దానిలోనే, మధ్యాహ్న భోజనపు లెక్కలు దానిలోనే, మరుగుదొడ్ల ఛాయాచిత్రములు గూడ దానిలోనే! రాత్రి పది గంటలకు వాట్సాపులో ఉత్తరువు వచ్చును. దాని క్రింద ఒకరి తరువాత నొకరు ‘నోటెడ్ సార్’ అని వ్రాయవలెను. ఉదయమున ఎదురుపడినప్పుడు ఆ విషయమై ఒక్క మాటయు ఉండదు.

ఆ వ్యాధికి 2021 మే నెలలో ఆ బడి లెక్కల పంతులుగారు గతించిరి. బడి తెరచిన నాడు ఆయన కుర్చీని గోడకు జరిపి, దానిపై పరీక్ష కాగితముల కట్టలు పెట్టిరి. ఆయన పేరు ఎవరును ఎత్తలేదు. దుఃఖము లేక కాదు, ముందుగా ఎవరు ఎత్తవలెనో తెలియక. ఆయన ఇంటికి పోయి ఆ ఇల్లాలిని చూచుటకు, ఆలస్యమైన కొలదియు, ఎవరికిని మొగము చెల్లలేదు. కొత్తగా ఉద్యోగమునకు వచ్చిన ఒక యువతి ఒకనాడు మా ఇంట కూర్చుండి, “నేనొక దినము రాకున్నచో హాజరు పెట్టెలో ఎరుపు గుర్తు పడునుగాని, మనిషి రాలేదని ఎవరికిని తోచదండి, పిన్నిగారూ” అనెను. ఆమెకు పని భారమైనదని కాదు. తన్ను చూచువారు లేరని బాధ.

మా తండ్రిగారు మాకు ఇంటనే భారతము చెప్పు దినములలో, విరాటపర్వమునందు ధౌమ్యుడు పాండవులకు బోధించిన సేవాధర్మమును కంఠస్థము చేయించిరి. రాజు కొలువున ఎట్లు నిలువవలెను, ఏ మాట ఆడవలెను, ఏది ఆడరాదు అనునది అందు కలదు. అది కొలువు చేయువారికి. సభాపర్వమున నారదుడు ధర్మరాజును ప్రశ్నించు ఘట్టమో, అది కొలువిచ్చువారికి. సేనకు జీతబత్తెములు కాలము తప్పక ఇచ్చుచున్నావా, మేలైన పని చేసినవానికి అధిక గౌరవము చేయుచున్నావా, నీ నిమిత్తమై మరణించినవారి భార్యలను పోషించుచున్నావా అని ఆ ముని వరుసగా అడుగును. ధౌమ్యుని మాటలు తెలిసినవారు చాలమంది కలరు. నారదుని ప్రశ్నలు అంతగా వినబడవు. కొలువువారికే నీతులెక్కువ కాబోలు!

అమెరికా దేశమున చికాగో నగరము చెంత హాథార్న్ అను చోట టెలిఫోను పరికరములు చేయు వెస్టర్న్ ఎలక్ట్రిక్ వారి కర్మాగారము ఉండెను. అచ్చట 1924 మొదలు 1932 వరకు పరీక్షలు జరిపిరి. తొలుత దీపముల వెలుతురు హెచ్చించినచో పని హెచ్చునా యని చూచిరి. పిదప 1927లో కొందరు యువతులను వేరు గదిలో కూర్చుండబెట్టి, విశ్రాంతివేళలు, ఫలహారము, పని గంటలు మార్చుచు లెక్క వ్రాసిరి. పని హెచ్చెను. తమ్ము ఒకరు పట్టించుకొనుచున్నారను భావమును, తమలోని చెలిమియు దీనికి కారణమని చెప్పిరి. ఎల్టన్ మేయో అను పండితుడు ఈ మాటకు ప్రఖ్యాతి తెచ్చెను. కూలి కట్టు పద్ధతి మారుటయు కారణమేయని తరువాతివారు తర్కించిరి. అది న్యాయమైన తర్కమే. చేతికి కూలి రానిదే చిరునవ్వుతో కడుపు నిండునా? మమ్ము విస్మయపరచినది వేరొకటి. ఆ యువతులలో ఇద్దరిని మాటలెక్కువయనియు, చెప్పినట్లు వినరనియు 1928 ఆరంభమున తీసివేసిరి. చెలిమి పనిని పెంచునని పేరుపొందిన గదిలోనే మాటలాడిన నేరమునకు ఇద్దరు పోయిరి! ఆ కర్మాగారమువారే పిమ్మట ఇరువది వేలమందికి పైగా పనివారి మాటలు విన్నారు. మొదట సిద్ధపరచిన ప్రశ్నలు అడుగుచుండిరి. పనివారి మనసులోని మాట వేరుగా ఉండుట చూచి, ప్రశ్నలు మాని వారు చెప్పినది వినుట నేర్చిరి.

మా వారి బడికి 2022లో కొత్త ప్రధానోపాధ్యాయిని వచ్చిరి. ఉత్సాహము కలిగింతునని ఆమె బెలూన్లు కట్టలేదు, ఆటల పోటీలు పెట్టలేదు. వచ్చిన దినముననే గోడవంక చూచి, “ఈ కుర్చీ ఎవరిది?” అని అడిగిరట. గదిలో ఎవరును పలుకలేదు. తుదకు అటెండరు చెప్పెను. ఆమె స్వయముగా కట్టలు దించిరి. తరువాతి ఆదివారము అందరును ఆ ఇంటికి పోయిరి; మేమును వెంట వెళ్లితిమి. ఆ ఇల్లాలు ఎవరిని ఒక్క నిష్ఠురమాడలేదు. ఆయన తెల్లచొక్కాలకు సుద్దపొడి ఎట్లంటెడిదో చెప్పి నవ్వెను, నవ్వుచునే ఏడ్చెను. అప్పుడు గాని తెలియలేదు, సర్వీసు రిజిస్టరులో ఒక సంతకము లేక, ఆమెకు రావలసిన పైకము ఏడాదిగా ఆగియున్నదని. సోమవారమున ప్రధానోపాధ్యాయిని గుమాస్తా ప్రక్కన కూర్చుండి సాయంకాలము వరకు ఆ కాగితములు వెదకి సరిచేసి పంపిరి. గదిలోని బిగువు ఆ దినముననే సడలెనని మా వారందురు.

తక్కినవి చిన్న మార్పులు. అత్యవసరమైన గాని రాత్రి ఎనిమిది దాటిన తరువాత ఉత్తరువు పంపరు. ఉదయము గంటకు ముందు ఐదు నిమిషములు అందరును నిలిచి నోటితోనే చెప్పుకొందురు. బల్లలు కలిపి వేసిరి. వారమున కొక దినము వంట చేయు ఆయమ్మలనుగూడ ఆ బల్లవద్దకే పిలుతురు; దీనికి ఇద్దరు ముగ్గురు మొగము ముడిచిరిగాని, ఆమె చూడనట్లే వడ్డించిరి. సాంఘికశాస్త్రము చెప్పు పెద్దాయన ఒకరు ఇప్పటికిని కిటికీ ప్రక్క ఒంటరిగానే భుజింతురు. ఆయనను ఎవరును బలవంతపెట్టరు. అదియు ఒక మర్యాదయే.

ఆ యువతి 2023 వేసవి బదిలీలలో భర్త ఉన్న ఊరికి వెళ్లిపోయెను. వెళ్లిన మూడవనాడు, “కొత్త బడిలో బల్లలు విడివిడిగా ఉన్నవి పిన్నిగారూ, ఏమి చేయుదును?” అని ఫోను చేసెను. కారియరు మూత తీసి మొదట నీవే ఒకరికి పెట్టుమంటిమి.

లెక్కల పంతులుగారి ఇల్లాలు ఆ వేసవిలో పెట్టిన ఆవకాయ ఒక జాడీ బడికి పంపెను. మూడు వారములలో ఖాళీ చేసి మా వారు జాడీ ఇంటికి తెచ్చిరి. వట్టి జాడీ తిరిగి ఇయ్యరాదు గదా. కడిగి, ఎండబెట్టి, నిండ కొత్త బెల్లము పోసి పంపితిమి.