పొట్లంలోని రవ్వ ఇడ్లీ

బెంగుళూరు లాల్‌బాగ్ రోడ్డున మావళ్ళి టిఫిన్ రూములున్న సంగతి ఇక్కడి మన కుటుంబాలవారికి వేరే చెప్పనక్కరలేదు. 1924లో మొదలైన ఆ హోటలువారు, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బియ్యానికి కరవు వచ్చినపుడు, రవ్వతో ఇడ్లీ వేసి చూచారని చెబుతారు. 1975లో అత్యవసర పరిస్థితినాటి ధరల కట్టడివల్ల హోటలు మూతపడగా, కలిపి ఉంచిన పిండి పొట్లాలు అమ్మసాగారు. అటువంటి పొట్లమొకటి మొన్న ఆదివారం మేమూ అంగడినుండి తెచ్చుకున్నాము.

కారణం లేకపోలేదు. కుడిచేయి విరిగి కట్టు విప్పిన నాటినుండి మా అమ్మ పిండి రుబ్బలేకపోతున్నది. ఆమె ఎదుట పొట్లం విప్పడానికి మాకే మొగమాటమయింది.

రవ్వ, పోపు, ఉప్పు అన్నీ అందులోనే ఉన్నాయి.

"ఇక నాతో పనేముందిరా?" అన్నది అమ్మ.

మా ఇంటావిడ పొట్లం వెనుక అచ్చువేసినది చదివి, "పెరుగు కలపాలట అత్తయ్యా, అది ఇందులో లేదు" అన్నది.

అమ్మ లేచింది. తాను కాపురానికి వచ్చిన నాటినుండి తోడు తప్పనివ్వని పెరుగది. ఎడమచేత్తో తానే పోసి, జారు చూచి, "కాసేపు నాననివ్వండి" అన్నది.

ఇడ్లీలు మెత్తగానే వచ్చాయి. ఆలుగడ్డ సాగు, నెయ్యి వేసుకొని తిన్నాము. హోటలు రుచి వచ్చిందా అంటే చెప్పలేము గాని, మా ఇంటి పులుపు మాత్రం నాలుకకు తగిలింది. చాలా రోజులకు అమ్మ మారు వడ్డించుకొన్నది.