తాతయ్యను కూర్చోబెట్టకండి

పిల్లలూ! ముసలితనం ఎప్పుడు మొదలవుతుందని మిమ్మల్ని ఎవరైనా అడిగితే ఏం చెబుతారు? జుట్టు నెరిసినప్పుడనీ, పళ్ళు ఊడినప్పుడనీ, చేతికి కర్ర వచ్చినప్పుడనీ అంటారు కాబోలు. నాకిప్పుడు 76 ఏళ్ళు. నా జుట్టు 40 ఏళ్ళకే నెరిసింది. పళ్ళు మూడు పోయాయి. కర్ర ఇంకా రాలేదు. కాని నన్నడిగితే ముసలితనం వీటిలో దేనితోనూ మొదలు కాదు. “మీరు కూర్చోండి, మేం చేస్తాంగా” అని పక్కవాళ్ళు మొదటిసారి అంటారే, ఆ రోజున మొదలవుతుంది.

ఆ మాట ఎవరూ చెడ్డ ఉద్దేశంతో అనరు. ఎంతో ప్రేమగానే అంటారు. మీ ఇళ్ళలో కూడా మీ తాతయ్యతోనో నానమ్మతోనో అంటూనే ఉండి ఉంటారు. అందులో ఉన్న చిక్కు ఏమిటో చెబుదామని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. వీటిని మీ అమ్మానాన్నలకు కూడా చదివి వినిపించండి. ఎందుకంటే ఆ మాట ఎక్కువగా అనేది వాళ్ళే.

బండి చక్రం తిరిగినకొద్దీ అరుగుతుంది. సైకిలు గొలుసు తొక్కినకొద్దీ సాగుతుంది. అందుచేత మన శరీరం కూడా వాడినకొద్దీ అరిగిపోతుందనీ, పెద్దవయసులో దాన్ని కదపకుండా దాచుకోవాలనీ చాలామంది అనుకుంటారు. కండ సంగతి ఇందుకు సరిగా వ్యతిరేకం. మీ తరగతిలో ఎవడైనా చెయ్యి విరగ్గొట్టుకుని నెలన్నర పాటు కట్టుతో ఉంటే, కట్టు విప్పిన రోజున వాడి రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూడండి. కట్టు కట్టిన చెయ్యి సన్నబడి ఉంటుంది. పనిలేని కండను శరీరం పోషించదు. ఎముకా అంతే. అంతరిక్షంలో నెలల తరబడి ఉండి వచ్చే వ్యోమగాములు మంచి ఆరోగ్యవంతులే అయినా, అక్కడ తమ బరువు తాము మోసే పని ఉండదు గనక, వారి కండలూ ఎముకలూ కూడా తగ్గుతాయి.

గుండె విషయంలో ఇటువంటి సంగతి ఒకటి చిత్రమైన చోట బయటపడింది. లండన్ నగరపు బస్సుల్లో!

అక్కడివి రెండంతస్తుల బస్సులు. హైదరాబాదులో కూడా ఒకప్పుడు ఆర్.టి.సి. వారి రెండంతస్తుల బస్సులు తిరిగేవి. మీ తాతయ్య ఎక్కారేమో అడగండి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక ఇంగ్లండులో గుండెజబ్బుతో చనిపోయేవారు ఎక్కువయ్యారు. కారణమేమిటో ఎవరికీ తెలియలేదు. జెర్రీ మారిస్ అనే వైద్యుడు, ఆయన తోటివారూ బస్సు ఉద్యోగుల లెక్కలు తీశారు. ఒకే బస్సులో ఇద్దరు మనుషులు. ఊరు ఒకటే, గాలి ఒకటే, పని గంటలూ ఇంచుమించు ఒకటే. కాని డ్రైవరు పనివేళంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్లు ఇవ్వటానికి పై అంతస్తుకు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. రోజు మొత్తం మీద 500 మొదలు 750 మెట్ల దాకా ఎక్కేవాడట. 1953లో ఈ లెక్కలు ప్రచురించారు. కండక్టర్లకు గుండెజబ్బు డ్రైవర్లకన్నా తక్కువగా వచ్చింది. వచ్చినవారికి కూడా కాస్త పెద్దవయసులో వచ్చింది, ప్రాణం మీదికి తేవటమూ తక్కువే. తపాలా శాఖలో చూస్తే అక్కడా ఇదే వరస. ఉత్తరాలు పంచటానికి తిరిగేవారు కుర్చీలో కూర్చుని పనిచేసేవారికన్నా నయంగా ఉన్నారు.

మీలో గడుసువాళ్ళు ఒక ప్రశ్న వేయవచ్చు. “అసలు లావుగా ఉన్నవాళ్ళే డ్రైవర్లుగా చేరారేమో?” అని. ఈ అనుమానం మారిస్‌కే వచ్చింది. ఆయన ఉద్యోగుల యూనిఫారాల కొలతలు తెప్పించి చూశాడు. నిజమే, డ్రైవర్ల నడుము కొలతలు మొదటినుంచీ పెద్దవే! కనక ఘనత అంతా మెట్లకే కట్టబెట్టటానికి వీల్లేదు. ఈ సంగతి కూడా ఆయన దాచకుండా 1956లో ప్రకటించాడు. తన మాటను తానే అనుమానించగలవాణ్ణే నేను శాస్త్రజ్ఞుడంటాను. ఆ తరవాత ఇంకా ఎన్నో దేశాల్లో ఎందరినో పరీక్షించగా, శ్రమ గుండెకు మేలు చేస్తుందన్న మాటే నిలిచింది. మారిస్ 99 ఏళ్ళు బతికి 2009లో చనిపోయాడు. వ్యాయామం మానని మనిషి. ఇది రుజువు కాదనుకోండి, వినటానికి మాత్రం బాగుంది.

“సరే, వాళ్ళు ఉద్యోగాలు చేసే వయసువాళ్ళు. 90 ఏళ్ళు వచ్చాక ఏం లాభం?” అంటారా? అమెరికాలో బోస్టన్ నగరంలో కొందరు వైద్యులు వృద్ధులుండే ఆశ్రమంలో 10 మందిని ఎంచుకున్నారు. వారి సగటు వయసు 90. అందరూ బలహీనులే. 8 వారాల పాటు వారిచేత కాళ్ళతో బరువులు ఎత్తించారు. ఒకరు మధ్యలో మానుకున్నారు. మిగిలిన 9 మందికీ కాళ్ళ బలం సగటున రెండున్నర రెట్లు దాటింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేసి నడవసాగారు. ఇది 1990 నాటి మాట. అయితే అక్కడ వైద్యులు పక్కన నిలబడి, ఎవరికెంత బరువో చూసి చేయించారని మరవకండి. ఇది చదివి తాతయ్య చేత బియ్యం బస్తా ఎత్తించేరు!

శరీరానికి పని లేకపోతే కండ పోతుంది. మరి మనసుకు పని లేకపోతే? అందులో బెంగ వచ్చి కూర్చుంటుంది.

ఇప్పుడందరూ “ఒత్తిడి, ఒత్తిడి” అంటున్నారు. మా చిన్నప్పుడు ఈ మాట ఇట్లా వాడేవారు కారు. అయితే మా అమ్మ దగ్గర ఇందుకు మాటలు లేకపోలేదు. ఊరికి పోయినవాళ్ళ కోసం బెంగ. ఉత్తరం రాకపోతే ఆదుర్దా. పని తెమలకపోతే చిరాకు. అప్పు తీరకపోతే దిగులు. ఒక్కొక్కటీ వేరు, ఒక్కొక్కదానికీ మందు వేరు. అన్నిటినీ కలిపి ఒకే పేరు పెట్టాక మందు వెతకటం కష్టమైందేమోనని నాకనిపిస్తుంది.

అయినా లోపల జరిగేది మాత్రం చాలావరకు ఒకటే. మూత్రపిండాల మీద చిన్న టోపీల్లాగా అడ్రినల్ గ్రంథులని రెండున్నాయి. ప్రమాదం ఎదురైతే అవి రక్తంలోకి కొన్ని రసాలు వదులుతాయి. గుండె జోరుగా కొట్టుకుంటుంది, అరచేతులు చెమర్చుతాయి, ఆకలి పోతుంది. పులి ఎదురైతే పరిగెత్తటానికి ఇదంతా కావలసిందే. పరీక్ష గదిలో మీ గుండె దడదడలాడేది కూడా ఇందువల్లే. దానికి భయపడనక్కర్లేదు. పులి వచ్చి పోతే ఆ రసాలూ తగ్గిపోతాయి. పులి వస్తుందేమోనని నెలల తరబడి కాచుకుని కూర్చున్నవాడికే చేటు. నిద్ర పట్టదు, రక్తపు పోటు పెరుగుతుంది, ఒంట్లో రోగాలతో పోరాడే శక్తి తగ్గుతుంది. ఎడతెగని ఒత్తిడి ఒంటిని ఎట్లా పాడుచేస్తుందో మాంట్రియల్ నగరంలో హాన్స్ సెల్యే అనే శాస్త్రజ్ఞుడు ఎలకల మీద పరీక్షించి, 1936లో మొదటిసారి ప్రకటించాడు.

మా అక్కయ్య సంగతి చెబుతాను. ఆవిడకు 82 ఏళ్ళు. గోదావరి అవతల ఒక పల్లెటూళ్ళో యాభై ఏళ్ళకు పైగా సంసారం చేసింది. తెల్లవారకముందే లేచి ముగ్గు పెట్టేది, పెరట్లో పాదులకు నీళ్ళు పోసేది. ఆవకాయ రోజుల్లో నలుగురిని పోగుచేసి కారం కొట్టించేది. మా బావగారు పోయాక కొడుకు ఆవిడను హైదరాబాదు తీసుకుపోయాడు. అపార్టుమెంటులో అన్నిటికన్నా పై అంతస్తులో వాళ్ళ ఇల్లు. కొడుకూ కోడలూ చాలా మంచివాళ్ళు. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుంటే కోడలు వచ్చి, “మీకెందుకు అత్తయ్యగారూ శ్రమ” అని వంకాయలు తీసేసుకునేది. చీపురు ముట్టుకోనిచ్చేవారు కారు. ఆవిడ ఎదురుగా పెద్ద టీవీ పెట్టారు.

ఆరు నెలలు తిరిగేసరికి ఆవిడ మాట తగ్గింది. తిండి తగ్గింది. సోఫాలోంచి లేవటానికి ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వవలసి వచ్చింది. డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, జబ్బేమీ లేదన్నాడు. నేను ఫోను చేసి ఎట్లా ఉన్నావని అడిగితే, “నాకేం లోటురా తమ్ముడూ! చుట్టాన్ని చూసుకున్నట్టు చూసుకుంటున్నారు” అన్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దీన్ని బాగుచేసింది డాక్టరూ కాదు, నేనూ కాదు. ఆవిడ మనవడు. వాడు 5వ తరగతి. బడిలో మొక్కలు పెంచుకు రమ్మన్నారు. వాడు మేడ మీద రెండు డబ్బాల్లో మెంతులు చల్లాడు. మొలకలు వచ్చినట్టే వచ్చి వాలిపోయినాయి. “నానమ్మా, ఇవెందుకు చచ్చిపోతున్నాయి?” అని ఒక డబ్బా తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ డబ్బా తిప్పి చూసి, “అడుగున బెజ్జం ఏదిరా? నీళ్ళు పోయే దారి లేక వేళ్ళు కుళ్ళినై” అన్నది. మర్నాడు మేడ మీదికి పోయి చూడవలసి వచ్చింది. 18 మెట్లు. మొదటి రోజున వాడి భుజం పట్టుకుని ఎక్కి, సగంలో కూర్చున్నది. ఇది జరిగి రెండేళ్ళయింది. ఇప్పుడు మేడ మీద మెంతికూర, గోంగూర, బచ్చలి ఉన్నాయి. ఆవిడ రోజూ రెండుసార్లు ఎక్కి దిగుతుంది. మోకాళ్ళ నొప్పులు పోయాయని నేను చెప్పను. ఫోనులో సగం సేపు వాటి గురించే చెబుతుంది. కాని సోఫాలోంచి తనే లేస్తుంది. ఎవరి పని ఎట్లా చెయ్యాలో అందరికీ చెబుతుంది, ఇంట్లోవాళ్ళు విసుక్కునేటంతగా.

ఇటువంటిదే 1976లో ఇద్దరు పరిశోధకులు, ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనేవారు, అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో చేసి చూశారు. ఒక అంతస్తులోవారికి తలా ఒక మొక్క ఇచ్చి, “దీన్ని మీరే పెంచాలి, మీ పనులు మీరే నిర్ణయించుకోండి” అన్నారు. రెండో అంతస్తులోవారికి కూడా మొక్కలిచ్చారుగాని, “నీళ్ళు నర్సులు పోస్తారు, మీకే బాధా లేదు” అన్నారు. కొద్ది వారాల్లోనే మొదటివాళ్ళు రెండోవాళ్ళకన్నా హుషారుగా, సంతోషంగా కనిపించారు. పరిశోధన చిన్నదే, దాని మీద పెద్ద మేడలు కట్టరాదు. కాని మా అక్కయ్యను చూసినవాడిని గనక దాన్ని నమ్మటం నాకు కష్టం కాలేదు.

అన్నీ ఇట్లా మొక్కలతో కుదురుతాయని కాదు. దిగులు వారాల తరబడి వదలకపోతే అది జబ్బే కావచ్చు. జ్వరానికి వెళ్ళినట్టే దానికీ డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. సిగ్గుపడవలసిందేమీ లేదు.

వయసు గురించి మనం ఏమనుకుంటామన్నది కూడా ఉంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో 50 ఏళ్ళు దాటిన 660 మందిని, తమ ముసలితనం గురించి వాళ్ళేమనుకుంటున్నారో అడిగి రాసుకున్నారు. రెండు దశాబ్దాలకు పైగా గడిచాక లెక్క చూస్తే, మంచి అభిప్రాయం ఉన్నవారు మిగిలినవారికన్నా సగటున 7 సంవత్సరాల 6 నెలలు ఎక్కువ బతికారు. 2002లో ఇది అచ్చయింది. కర్నూలులో శ్రీపాద పినాకపాణిగారు పెద్ద వైద్యులు, అంతకన్నా పెద్ద సంగీత విద్వాంసులు. 1913లో పుట్టి 2013 దాకా ఉన్నారు. “ఈ వయసులో నాకెందుకులే” అనుకుని ఉంటే ఆయన అంతమందికి పాట నేర్పగలిగేవారా?

నా మట్టుకు నేను చేసేది చాలా తక్కువ. రాజమహేంద్రవరంలో పొద్దున్నే పుష్కర రేవు నుంచి గోదావరి గట్టున నడుస్తాను. తోడు ఇద్దరు స్నేహితులు. ఒకాయన రైల్వేలో చేశాడు, ఇంకొకాయనది కిరాణా దుకాణం. మాలో ఒక ఒప్పందం ఉంది. రోగాల కబుర్లు కోటిలింగాల రేవు దాకానే. అది దాటాక ఎవరు షుగరు మాట ఎత్తినా టీ డబ్బులు వాళ్ళే ఇవ్వాలి. కిరాణా ఆయన చాలాసార్లు ఇచ్చుకున్నాడు. రాత్రి 9 గంటలకు సెల్‌ఫోను ముందుగదిలో పెట్టి పడుకుంటాను. పెద్దవాళ్ళకు 7 గంటల నిద్రయినా ఉండాలి, మీ ఈడువాళ్ళకు 9 గంటలకు తగ్గరాదు. కంప్యూటరులో తెలుగు రాయటం 70 దాటాక మనవరాలి దగ్గర నేర్చుకున్నాను. మనవరాలు చాలా కఠినమైన గురువు.

ఇక మీరు ఇంట్లో చేయదగిన పరీక్ష ఒకటి చెబుతాను. సెకన్ల ముల్లు ఉన్న గడియారం కావాలి. మీ తాతయ్యనో నానమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని, ఇందుకు మాత్రం కూర్చోబెట్టవచ్చు, వారి బొటనవేలి కిందుగా మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి, ఒక నిమిషంలో నాడి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టండి. తరవాత వారిని మీది లెక్కపెట్టమనండి. సాధారణంగా మీదే ఎక్కువ ఉంటుంది. ఇప్పుడు ఇద్దరూ నెమ్మదిగా గాలి పీల్చి, పీల్చినదానికన్నా ఎక్కువ సేపు వదలండి. గాలి పీల్చేటప్పుడు గుండె కాస్త త్వరపడుతుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. వేలు ఆనించి జాగ్రత్తగా గమనిస్తే మీలో చాలామందికి ఈ తేడా తెలుస్తుంది. ఇట్లా పదిసార్లు చేసి మళ్ళీ లెక్కపెట్టి, రెండు అంకెలూ పుస్తకంలో రాసుకోండి. పరీక్షకు ముందు గుండె దడదడలాడినప్పుడు కూడా ఇదే చేసి చూడవచ్చు. రక్తపు పోటుకు వాడే మాత్రల్లో కొన్ని నాడిని నెమ్మదిగా నడిపిస్తాయి. కనక తాతయ్య అంకె మరీ తక్కువగా కనిపిస్తే గాభరా పడకుండా, ఆయన ఏ మాత్రలు వేసుకుంటున్నారో ముందు ఆయన్నే అడగండి.