తీగ మరల కట్టిన నాడు

గత కార్తికమున కురిసిన వానలకు మా మిద్దె కారి, మేడమీది గది తూర్పుగోడ చెమ్మగిలి, సున్నము పెచ్చులుగా రాలనారంభించినప్పుడు, మేస్త్రి వచ్చి గోడను తట్టి చూచి, పైకప్పు కొట్టి మరల వేయవలెననియు, పని ముగియువరకు ఆ గదిలో నేమియు నుంచరాదనియు చెప్పెను. అతనికది సామాన్యమైన మాట. నాకు మాత్రము ఒక వీధిని పెకలించుమని చెప్పినట్లుండెను. ఏలయన, నిజ పరిమాణమున 87వ వంతుగా, 11 సంవత్సరములు శ్రమించి నేను నిర్మించుకొన్న మదరాసు ట్రాము దారి ఆ గదిలోనే యున్నది.

నేను ఆ ట్రాము నెక్కినవాడను గాను. 1953 ఏప్రిల్ 12వ తేదీన కడపటి బండి తిరిగిన నాటికి నేనింకను పుట్టలేదు. మా నాయనగారు నెల్లూరినుండి చదువునకై మదరాసు చేరి, కాలేజీకి ట్రాములో పోయి వచ్చినవారు. రాత్రి భోజనములైన పిదప అరుగుమీద కూర్చుండి, మలుపువద్ద చక్రములు చేయు కీచుధ్వనిని, డ్రైవరు కాలితో మ్రోగించు గంటను, దారి చివర కండక్టరు దిగి, త్రాడు పట్టి లాగి, బండి నెత్తిమీది పొడవైన కమ్మిని ఒక కొసనుండి మరియొక కొసకు త్రిప్పి తీగకు తగిలించు నేర్పును ఆయన వర్ణించుచుండగా వినియే నేనీ దారిని కట్టుకొంటిని.

1895 మే 7వ తేదీన మదరాసులో మొదలైన విద్యుత్ ట్రాములు భారతదేశమున మొట్టమొదటివి. ఆనాడు విద్యుత్తు నెత్తిమీది తీగలో గాక, వీధిలో నేల లోపల కట్టిన కాలువవంటి మార్గమున వచ్చెడిది. చెన్నపట్టణపు వానలు ఆ కాలువను ముంచివేయుచుండుటచే, కాలక్రమమున తీగ నేలను విడిచి స్తంభముల మీదికెక్కినది. వాన మూలముననే ఆ తీగ తన మేలైన స్థానమును చేరెనన్న సంగతి నేనెరిగినదే యైనను, నా గది విషయమున నది స్ఫురించుటకు చాల దినములు పట్టినది.

విప్పునప్పుడు ప్రతి తీగకును నూలుపోగుతో చీటి కట్టితిని. ఇత్తడి స్తంభములను పాత చీరముక్కలలో చుట్టితిని. పట్టాలను మాత్రము ప్లైవుడ్ పలకతో సహా నాలుగు ఖండములుగా రంపముతో కోయవలసివచ్చెను. రెండు నెలలకు గోడ లారి, కొత్త సున్నపు వాసన పోయిన పిదప, మరల పని కుపక్రమించితిని.

పట్టాలు కలుపుట సులభము. కష్టమంతయు తీగలోనే కలదు. ట్రామునకు ప్రాణము పై తీగనుండి వచ్చి, మోటారును త్రిప్పి, చక్రముల గుండ పట్టాలలోనికి దిగి మరలిపోవును. పైది విడినను క్రిందిది విడినను బండి నిలిచిపోవును. పట్టా వంపు తిరుగగలదు గాని, బిగించి కట్టిన తీగ ఋజువుగానే పోవును. కావున మలుపువద్ద దానిని సన్నని కంబులతో వెలుపలి స్తంభములవైపు లాగి, చిన్న చిన్న ఋజురేఖలుగా విరిచి, ఆ విరుపులన్నిటిచే వంపును సాధింపవలెను. టంకము వేయునప్పుడు కాక ఒక క్షణ మెక్కువైనచో ప్రక్క అతుకు కరగి యూడిపోవును. నేనట్టి లాగుడులు 7 కట్టితిని. ప్రతి రాత్రియు మూడవదానివద్దనే కమ్మి తీగను వీడుచుండగా, భూతద్దము పెట్టి చూడ, అతుకు క్రింద ఆవగింజలో సగమైనను లేని టంకపు బొడిపె కనబడెను. ఆకురాయితో నాలుగుమార్లు రుద్దగా అది పోయి, బండి నిరాటంకముగ సాగెను.

మునుపటి దారి గుండ్రముగా తిరిగి తిరిగి బయలుదేరినచోటికే వచ్చెడిది. కమ్మిని త్రిప్పు శ్రమ తప్పుటకే నేనట్లు చేసితిని. తత్ఫలముగా మా నాయనగారు మిక్కిలి మక్కువతో చెప్పిన ఘట్టమే నా వీధిలో లేకపోయినది. పలక కోసి యున్నందున ఈసారి ఆ వలయమును కలుపక విడిచి, రెండు కొసలను రెండు మజిలీలు చేసితిని. వాన కప్పును కూల్చనిచో నాకీ బుద్ధి పుట్టియుండదు.

ఇప్పుడు రాత్రి భోజనములైన పిదప, బండి దారి చివర ఆగినంతనే, దానిలోని దీప మారిపోవునట్లు చిన్న పట్టకారుతో కమ్మిని మెల్లగా క్రిందికి దింపి, ఆవలి కొసకు త్రిప్పి, దాని కొననున్న చిరుచక్రమును తీగక్రిందికి చేర్చుచున్నాను. చక్రము తీగను తాకగానే దీపము మరల వెలుగుచున్నది.