వానయు, కట్టయు



మన అనంతపురము సీమలో ఏడాదికి కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అందుకే మన పెద్దలు ఊరూర చెరువులు త్రవ్వి కట్టలు వేసిరి. కట్ట వానను కురిపింపజాలదు. కురిసిన వానను నిలుపును. దేవద్రవ్యానుమానములు పైనుండి వచ్చు వాన. ఇంటి జపము మనము వేసికొను కట్ట. ఈ మాట నేను గురుమఠములో నేర్చుకొనలేదు. ఒక పల్లెలో, నా తప్పువలన నేర్చుకొంటిని.

అది 2018వ సంవత్సరము. వానలు లేక చెనిక్కాయ పైరు చేనిలోనే మాడిపోయినది. ఒక సాయంకాలము దూరపు పల్లెనుండి ఫోను వచ్చినది. "సామీ, మా ఇంటాయనకు శానా కష్టంగా ఉండాది. మీరొకసారి రావల్ల" అని ఒక తల్లి చెప్పినది. ఆ దినము నేను మూడు పల్లెలు తిరిగి అలసియుంటిని. "తెల్లవారి పూజ కాగానే వస్తానమ్మా" అని చెప్పి పరుంటిని.

మరునాడు అభ్యంగన తైలమును, దివ్యసత్ప్రసాదమును తీసికొని పోవుసరికి వాకిట జనము కూడియుండిరి. కోడికూత వేళకే ఆయన కన్నుమూసెనట. చనిపోయినవారికి ద్రవ్యానుమానము ఇయ్యరాదు. మోకరించి మృతులకొరకైన జపములు మాత్రము చెప్పితిని. తైలపు డబ్బీ నా జేబులోనే యుండెను.

ఆ తల్లి నన్ను నిందింపలేదు. కొంత సేపటికి మెల్లగా చెప్పినది: "రాత్రంతా జపమాల చెప్పినాము సామీ. సామి వచ్చినాడా అని ఆయన రెండుమార్లు అడిగినాడు. నడిజామున ఉత్తమ మనస్తాప జపం నేను చెప్తాంటే వెంట చెప్పి ఏడ్చినాడు. గట్టు తగాదాతో పదకొండేండ్లుగా తమ్మునితో మాటల్లేవు గదా, వాణ్ణి పిలిపించి చేయి పట్టుకొని, మన్నించురా అన్నాడు. సామి వస్తే అంతా చెప్పుకుంటాను అనుకుంటానే పోయినాడు."

ఆమెకు శ్రీసభ బోధను తెలియజేసితిని. సర్వేశ్వరుని అన్నిటికంటె మిన్నగా ప్రేమించుటవలన పుట్టిన ఉత్తమ మనస్తాపము, వీలైనంత త్వరలో పాపసంకీర్తనము చేయుదునను నిశ్చయముతో కూడియున్నచో, చావైన పాపములకు సయితము క్షమాపణ కలుగజేయును. ఆ మాట విని ఆమె కన్నులు తుడుచుకొన్నది. ఆ బోధ ఆమెకు ఓదార్పు. నాకు సాకు కాదు. ఆ వారమే మరియొక గురువు ఎదుట మోకరించి నా అలసత్వమును ఒప్పుకొంటిని.

ఆ జపములు ఆమెకు అమ్మమ్మ నేర్పినదట. మన సీమకు ఇది క్రొత్త కాదు. పద్దెనిమిదవ శతాబ్దములో యేసుసభ గురువులు కృష్ణాపురము మొదలగు చోట్ల నివసించి ఈ మెట్ట నేలలో సువార్త చాటిరి. 1773లో ఆ సభ రద్దు చేయబడగా గురువులు మిక్కిలి అరుదైరి. కరువులకును యుద్ధములకును తాళలేక కొన్ని క్రైస్తవ కుటుంబములు గుంటూరు సీమకు తరలిపోయెను. గురువు కనబడని కాలములో విశ్వాసమును నిలిపినది ఇంటిలోని జపమే గదా! అయినను వారు గురువు అక్కరలేదనుకొనలేదు, ఎదురుచూచిరి. వాన రాదని కట్టను తెంచుకొనువాడు లేడు. కట్ట యున్నదని వాన వద్దనువాడును లేడు.

కాబట్టి సహోదరులారా, నా మనవి వినుడు. మీ ఇంట ఎవరికైన జబ్బు ముదిరినప్పుడు, ఊపిరి ఆగువరకు వేచియుండక గురువును పిలువుడు. అభ్యంగనము కడ ఊపిరివారికి మాత్రమే కాదనియు, వ్యాధివలన గాని ముసలితనమువలన గాని ప్రాణాపాయము మొదలైనప్పుడే దానికి తగిన సమయమనియు రెండవ వాటికన్ మహాసభ 1963లో బోధించినది. 1972లో ఆరవ పౌలు పోపుగారు, ఒలీవ నూనె దొరకనిచోట మొక్కలనుండి తీసిన వేరొక నూనెను వాడుటకును సెలవిచ్చిరి. మన చెనిక్కాయ నూనె సయితము మేత్రాణులచేత ఆశీర్వదింపబడి రోగి నొసటికి చేరవచ్చును! మన పేద పంటను శ్రీసభ త్రోసివేయలేదు.

తల్లులారా, దీపాలవేళ పిల్లలను కూర్చుండబెట్టి పరలోక జపము, మంగళవార్త జపము, ఉత్తమ మనస్తాప జపము నేర్పుడు. పనికై బెంగుళూరుకు పోవు కొడుకు సంచిలో జపమాల పెట్టుడు. మాటలు లేని తమ్ముడున్నచో నడిజామువరకు ఆగక ఈ దినమే పిలువుడు. గురువు మీ పల్లెకు వచ్చిన దినమున పాపసంకీర్తనమును రేపటికి వాయిదా వేయకుడు.

నా మట్టుకు, ఇప్పుడు రాత్రివేళ ఫోను వచ్చినచో తెల్లవారనిమ్మని చెప్పను. చెప్పులు తొడుగుకొందును. మీరు నాకొరకు ఒక మంగళవార్త జపము చెప్పుడు.