వేలికి దొరికిన తప్పు

నా గదిలో టేబుల్ మీద ఓ ఓడ తయారవుతోంది. పేరు బీగిల్. 1831లో డార్విన్‌ని ఎక్కించుకుని బయల్దేరి, ప్రపంచం చుట్టి 1836లో తిరిగొచ్చిన ఓడకి 60వ వంతు చెక్క నమూనా. ఆఫీసు అయ్యాక రోజూ ఓ గంట దీంతోనే. మూడు నెలలకి పక్కల బద్దలు అతికించడం అయిపోయింది. ఇక నున్నగా రుద్ది, నీళ్లలో మునిగే భాగానికి రాగిరేకు అంటిస్తే ఓడ పొట్ట పనైపోయినట్టే.

ఒక్కటే తేడా. ముందు భాగంలో ఎడమపక్క ఓ చిన్న ఉబ్బు.

ఓడ మూతి దగ్గరికొచ్చేసరికి చోటు తగ్గిపోతుంది. అందుకే ప్రతి బద్దనీ చివర్లో సన్నగా చెక్కాలి. ఓ రాత్రి ఓపిక లేక నాలుగు బద్దల్ని చెక్కకుండానే నొక్కి అతికించేశా. ఒకదాన్నొకటి తోసుకుని పైకి లేచాయి. ఫెవికాల్‌లో రంపపు పొట్టు కలిపి చుట్టూ పూసేస్తే సరి, పైన రాగి ఉంటుందిగా, ఎవరికి కనిపిస్తుంది అనుకున్నా.

నాన్నకి వీడియో కాల్‌లో చూపించా.

నాన్న తాళ్లరేవులో పడవలు కట్టే పనిలో ముప్ఫై ఏళ్లున్నారు. నన్ను మాత్రం ఉలి ముట్టుకోనిచ్చేవారు కాదు. "ఈ పని నాతో ఆగిపోవాలి, నువ్వు చదువుకో" అనేవారు. చదువుకున్నా. ఇప్పుడాయన చేతులు వణుకుతున్నాయని పని మానేశారు. ఫోన్ చేస్తే "తిన్నావా?", "తిన్నా" తప్ప మా మధ్య మాటలుండేవి కావు. ఈ ఓడ మొదలెట్టాకే పెరిగాయి.

"కళ్లు మూసుకుని బొటనవేలుతో తడిమేవా?" అన్నారు.

"ఎడమపక్క కాస్త ఎత్తుగా ఉంది నాన్నా. పైన రాగి వస్తుందిగా."

"పలచటి రేకు రా అది. కిందున్నది దాచదు, చూపిస్తాది."

నిజమే. మెరిసే లోహం మీద వెలుగు పడితే చిన్న గుంటయినా తెలిసిపోతుంది.

అసలు బీగిల్‌కి కూడా ప్రయాణానికి ముందు అడుగున రెండంగుళాల ఫర్ చెక్క బిగించి, దానిమీద ఫెల్ట్ పరిచి, ఆపైన కొత్త రాగిరేకులు కొట్టారు. సముద్రపు పురుగులు చెక్కని తొలిచేయకుండా రాగే కాపాడేది. అంత చేసినా, ఓడ రాయికి తగిలిందని 1834లో దక్షిణ అమెరికాలోని సాంతా క్రూజ్ నది దగ్గర ఒడ్డుకి చేర్చి, అడుగుభాగం చూసి బాగుచేసుకున్నాకే ముందుకెళ్లారు.

ఆ రాత్రి వేడినీళ్లలో ముంచిన గుడ్డ ఆ నాలుగు బద్దల మీద వేశా. జిగురు మెత్తబడ్డాక ఒక్కొక్కటే ఊడదీశా. రెండు విరిగాయి. కొత్తవి నానబెట్టి, చివర్లు చెక్కి, మళ్లీ అతికించా. ఆరాక 120 నంబరు శాండ్ పేపర్‌తో, తర్వాత 240తో రుద్దా. రెండు వారాలు పట్టింది.

పోయిన నెల నాన్న వచ్చారు. బ్యాగ్ కింద పెట్టకుండానే ఓడ దగ్గరికెళ్లి, కళ్లు మూసుకుని పొట్టంతా తడిమారు. వణుకుతున్న వేలు ఎడమపక్క ఓ చోట ఆగింది.

"ఇక్కడేగా మళ్లీ వేసింది?"

"ఎత్తుగా ఉందా?" అన్నా భయంగా.

"లేదురా. మిగతా పక్కలకన్నా ఇక్కడే నున్నగా ఉంది."

రాగి అంటించడం వెనక నుంచి మొదలెట్టి ముందుకి రావాలి. మొదటి ముక్క నాన్న చేతికిచ్చా. ఆయన వణుకుతూనే చెక్కకి ఆనించారు. కదలకుండా నేను పట్టుకున్నా.