రొదకు బాణీ

దిల్‌సుఖ్‌నగర్‌లో చప్పుడుకు కొదవ లేదు. డిపో ముందు బస్సుల హారన్లు, బట్టల బళ్ల మీద ఆగకుండా తిరిగే రికార్డు కేకలు, ఆ పైన మెట్రో. ఇంత మోత చాలక చెవుల్లో ఇంకో మోత ఎందుకని మా ఇంట్లో వాళ్ల ప్రశ్న. నేను వినేది నైన్ ఇంచ్ నెయిల్స్ పేరుతో ట్రెంట్ రెజ్నర్ 1994 మార్చిలో తెచ్చిన ‘ద డౌన్‌వర్డ్ స్పైరల్’ ఆల్బం. ఒక మనిషి మెట్టు మెట్టుగా దిగజారే కథ, 14 పాటల్లో.

మొదటి పాట దెబ్బల చప్పుడుతో మొదలవుతుంది. జార్జ్ లూకాస్ తొలి సినిమాలో ఖైదీని కొట్టే చప్పుడది. ‘క్లోజర్’లో డ్రమ్ము ఇగ్గీ పాప్ పాటలోంచి తీసి మార్చుకున్నది. గిటార్‌నూ వదల్లేదు. కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఏ వాయిద్యమో పోల్చుకోలేనంతగా నలిపారు. రికార్డింగు చాలావరకు జరిగింది 1969లో నటి షారన్ టేట్ హత్య జరిగిన ఇంట్లో. అభిమానులు ఈ ముచ్చట తెగ చెప్పుకుంటారు, నాకు మాత్రం రుచించదు. టేట్ చెల్లెలు ఎదురుపడి అడిగాకే తనకు ఆ ఇంటి బరువు తెలిసొచ్చిందని రెజ్నరే తర్వాత చెప్పుకున్నాడు.

నన్ను పట్టుకున్న పాట ‘మార్చ్ ఆఫ్ ద పిగ్స్’. మూడుసార్లు ఏడు దరువులు, ఒకసారి ఎనిమిది, మళ్లీ మొదటికి: అదీ దాని లెక్క. ఏడు లెక్కల మిశ్రచాపు అలవాటైన చెవి కూడా ఆ ఎనిమిది దగ్గర తడబడుతుంది. అలా ఉరికి ఉరికి, ఉన్నట్టుండి అంతా ఆగిపోయి పియానో ఒక్కటే పలుకుతుంది. రొద ఎవరైనా పోగేస్తారు, ఎల్బీనగర్ చౌరస్తాలో ఊరికే దొరుకుతుంది. దాన్ని ఎక్కడ కోయాలో తెలియడమే ఈ ఆల్బం పనితనం.

ఆ రొదంతా తీసేసినా పాట నిలబడుతుందని 2002లో కంట్రీ గాయకుడు జానీ క్యాష్ చూపించాడు. చివరి పాట ‘హర్ట్’ను గిటార్, పియానోలతో, వణికే ముసలి గొంతుతో పాడితే జనం అది ఆయన పాటే అనుకున్నారు. రెజ్నర్ తర్వాత సినిమాల వైపూ వచ్చాడు: 2011లో అతనికి, తోటి సంగీతకారుడు అట్టికస్ రాస్‌కు ‘ద సోషల్ నెట్‌వర్క్’ సంగీతానికి ఆస్కార్ వచ్చింది. ఆ పోటీలో మన రహమాన్ కూడా ఉన్నాడు.

మన సినిమాల్లోనూ హీరో నడిచొస్తే గిటార్ గర్జిస్తుంది, కింద యంత్రాల దరువు పడుతుంది. ఆ పియానో దగ్గర ఆగినట్టు మాత్రం ఎవరూ ఆగరు. ఆగినా మా కోణార్క్ సినిమా హాల్లో ఈలల మధ్య ఎవడికి వినబడుతుందిలే అనుకుంటారు కాబోలు.